ఉగ్గుపాలతో నేర్చే విద్యను ల్యాబ్ కాగితం చూసి మాన్పించకండి

రెండు తెలుగు రాష్ట్రాల పిల్లల డాక్టర్లకు, డయాగ్నస్టిక్ ల్యాబుల యజమానులకు, వైద్య ఆరోగ్య శాఖ అధికారులకు ఒక తల్లి బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను ప్రభుత్వ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పే టీచర్ని. నాలుగేళ్ల బాబుకి తల్లిని. ఫుడ్ ఎలర్జీ రక్తపరీక్ష రిపోర్టు ఒక్కటే చూసి పిల్లల తిండి ఆపించేయడం గురించి గడిచిన ఏడాదిన్నరలో మూడు ఉత్తరాలు రాశాను. ఒకటి మా వాడికి పరీక్ష రాసిన ఆసుపత్రికి, ఒకటి ఆ పరీక్ష చేసిన ల్యాబుకి, మూడోది సోమవారం గ్రీవెన్సులో అర్జీగా. ఆసుపత్రి నుంచి ఉలుకూ పలుకూ లేదు. ల్యాబు వాళ్లు ఫోన్ చేసి "డాక్టరుగారు రాశారు, మేం చేశామండీ" అని పెట్టేశారు. అర్జీ పరిష్కారమైపోయిందని నా ఫోనుకి మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో మాత్రం ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. అందుకే ఇలా నలుగురిలో రాయాల్సి వచ్చింది. మీ వృత్తి మీద నాకు గౌరవమే. మా వాణ్ణి బతికించింది కూడా ఒక డాక్టరే. ఆ సంగతి ముందు చెబుతాను.

మా వాడికి నాలుగో నెల నుంచి బుగ్గల మీద, మోచేతి మడతల్లో ఎగ్జిమా, అంటే దురదతో చర్మం ఎర్రబడి పగిలే జబ్బు, ఉండేది. ఆరో నెలలో అన్నప్రాశన అయ్యాక మా అత్తయ్యగారు పెసరకట్టు, నెయ్యి వేసిన మెత్తటి అన్నం, ఇంకొన్నాళ్లకి ఉడికిన గుడ్డులో పచ్చసొన, తర్వాత తెల్లసొన కూడా చిదిమి పెట్టడం మొదలుపెట్టారు. వారానికి మూడు నాలుగు సార్లు శుభ్రంగా తినేవాడు. గుడ్డు తిన్న రోజు దద్దురు లేదు, వాంతి లేదు. పదో నెలలో ఎగ్జిమా బాగా ఎక్కువైతే ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఫుడ్ ఎలర్జీ ప్యానెల్, అంటే ఒకేసారి చాలా తిండి పదార్థాలకు చేసే రక్తపరీక్ష, చేయించమన్నారు. 8,500 రూపాయలు.

రిపోర్టు పదకొండు పేజీలు వచ్చింది. ప్రతి పదార్థానికీ ఎదురుగా ఎరుపో పసుపో ఆకుపచ్చో ఒక పట్టీ. అందులో బ్లూబెర్రీ ఉంది, ఆస్పరాగస్ ఉంది, కాడ్ చేప ఉంది. గోంగూర లేదు. ములక్కాడ లేదు. ఉలవలు లేవు. ఏ దేశం వంటింటి కోసమో తయారైన జాబితా అది, మా వంటింటికి తీర్పు చెప్పేసింది. గుడ్డు, పాలు, గోధుమ, వేరుశనగ, శనగ, ఇంకో ఆరు రకాలకు ఎరుపు పడింది. "ఇవన్నీ ఆపేయండి" అన్నారు. ఎన్నాళ్లు అని అడిగాను. "తగ్గేదాకా" అన్నారు. మొత్తం మూడు నిమిషాల మాట.

పద్నాలుగు నెలలు ఆపాం. ఎగ్జిమా తన దారిన తాను వస్తూ పోతూనే ఉంది, చలికాలంలో పెరగడం, వానాకాలంలో కాస్త నెమ్మదించడం. రెండో పుట్టినరోజుకి వాడి బరువు 9 కిలోల 200 గ్రాములు. అంగన్‌వాడీ టీచర్ గ్రోత్ చార్టులో చుక్క పెట్టి నా వంక చూసిన చూపు నాకింకా గుర్తుంది.

ఆ మరుసటి నెల మా ఆడపడుచు వాళ్లింట్లో, పిల్లలందరితో పాటు వాడి నోట్లోనూ ఎవరో గుడ్డు ముక్క పెట్టారు. గోరంత ముక్క. పది నిమిషాల్లో పెదవి ఉబ్బింది, నోటి చుట్టూ ఎర్రగా తట్లు తేలాయి, చెవులు కందగడ్డల్లా అయ్యాయి. రెండు వాంతులు, ఆ వెంటనే దగ్గు, గొంతు బొంగురు. ఆటోలో నా భుజం మీద తల వాల్చేశాడు. దగ్గర్లోని నర్సింగ్ హోములో ఎవిల్ అనే ఎలర్జీ ఇంజెక్షన్ ఒకటి, స్టెరాయిడ్ ఒకటి ఇచ్చి "చూద్దాం" అన్నారు. ఇరవై అయిదు నిమిషాలు చూస్తూనే ఉన్నాం. అప్పుడే డ్యూటీకి వచ్చిన కుర్ర డాక్టరొకాయన బ్యాగు కూడా దింపకుండా వాడి వంక ఒక్కసారి చూసి, తొడలో ఎడ్రినలిన్ ఇంజెక్షన్ చేశారు. కాసేపటికి వాడు కళ్లు తెరిచి నీళ్లడిగాడు.

ఒకప్పుడు వారానికి నాలుగు సార్లు తిన్న గుడ్డే అది. మరి అలా ఎందుకైంది? పాఠం చెప్పేదాన్ని కాబట్టి పుస్తకాలు తిరగేశాను. ఇక్కడ చెప్పబోయేది మీలో చాలామంది ఎంబీబీఎస్‌లోనే చదివి ఉంటారు. కానీ ఈ లేఖ తల్లిదండ్రులు కూడా చదువుతారు, వాళ్ల కోసం చెబుతాను.

మనం తినే పప్పు, చేప, పెరుగు, గుడ్డు అన్నీ మన ఒంటికి పరాయి ప్రోటీన్లే. సూదితో నేరుగా ఎక్కిస్తే ఒళ్లు వాటి మీద యుద్ధానికి లేస్తుంది. నోటి ద్వారా వెళ్తే ఊరుకుంటుంది. ఈ తేడాని 1911లోనే వెల్స్ అనే ఆయన గినీ పందుల్లో చూపించాడు. ముందుగా గుడ్డు ప్రోటీన్ తినిపించిన జంతువులకు తర్వాత అదే ప్రోటీన్ ఇంజెక్షన్ చేస్తే షాక్ రాలేదు. అంటే పేగు ఏదో నేర్చుకుంది, నేర్చుకున్నది ఒళ్లంతటికీ చెప్పింది.

ఎలా నేర్చుకుంటుందో ఇప్పుడు చాలావరకు తెలుసు. చిన్నపేగు లోపలి గోడ ఒక్క కణం మందం. జీర్ణం కాగా మిగిలిన ప్రోటీన్ తునకలు ఆ గోడలోంచి కొద్దికొద్దిగా లోపలికి దిగుతాయి. గోడ కింద కాపు కాసే డెండ్రైటిక్ కణాలు వాటిని పట్టుకుని పేగుల్ని అంటిపెట్టుకున్న లింఫు గ్రంథులకు మోసుకుపోతాయి. అక్కడ ఇంకా ఏ పనీ నేర్చుకోని టి కణాలకు (ఇవి ఒంటిని కాపాడే ఒక రకం తెల్లరక్తకణాలు) ఆ తునకను చూపిస్తాయి. చూపించేటప్పుడు విటమిన్ ఎ నుంచి తయారైన రెటినోయిక్ ఆమ్లం, టీజీఎఫ్-బీటా అనే సంకేతం రెండూ తోడైతే, ఆ టి కణం సైనికుడిగా కాక సర్దిచెప్పే పెద్దమనిషిగా మారుతుంది. వీటినే రెగ్యులేటరీ టి కణాలంటారు. ఇవి తిరిగి పేగుకు వచ్చి, ఆ తిండి మళ్లీ కనిపించినప్పుడల్లా "మనవాడేలే, ఊరుకోండి" అని మిగతా కణాలకు చెబుతాయి. 2025లో వైద్య నోబెల్ వచ్చింది ఈ కణాల మీద పనికే. 1995లో వాటిని పట్టుకున్న షిమోన్ సకగుచికి, 2001లో వాటిని నడిపే ఫాక్స్‌పి3 జన్యువును కనిపెట్టిన మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లకు. ఆ జన్యువు పాడైన పసిపిల్లల్లో రోగనిరోధక వ్యవస్థ సొంత పేగు మీదే తిరగబడుతుంది.

మన పెద్దవాళ్లు బాగా వచ్చిన విద్యను ఉగ్గుపాలతో నేర్చాడంటారు. తిండిని ఓర్చుకునే విద్య మాత్రం అక్షరాలా అలా నేర్చేదే. ఆ పాఠం తింటేనే వస్తుంది. తినడం ఆపేస్తే, అందులోనూ ఎగ్జిమా ఉన్న బిడ్డకి, పాఠం మరిచిపోయే ప్రమాదం ఉంది. ఎందుకంటే వాడు నోటితో తినకపోయినా ఇంట్లో గుడ్డు, పల్లీ, పిండి ఉండనే ఉంటాయి. వాటి నలుసులు చిట్లిన చర్మంలోంచి లోపలికి దిగుతుంటాయి. చర్మం దారిన వచ్చినదాన్ని ఒళ్లు శత్రువుగా రాసుకుంటుంది. చెప్పక తప్పదు, మా ఇంట్లో తప్పు కూడా ఉంది. పగుళ్లున్న ఒంటికి శనగపిండి కలిపిన సున్నిపిండి రుద్దాం. గుడ్డు పెట్టడంలో అత్తయ్యగారు ఒప్పు, సున్నిపిండిలో ఇద్దరం తప్పు.

వేరుశనగ సంగతి ఇంకా స్పష్టం. ఎలర్జీ ముప్పు ఎక్కువున్న పిల్లలకు మూడేళ్లదాకా వేరుశనగ పెట్టొద్దని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2000లో చెప్పింది, 2008లో ఆ మాట వెనక్కి తీసుకుంది. 2015లో లండన్‌లో గిడియన్ లాక్ బృందం లీప్ అనే ప్రయోగం ఫలితాలు బయటపెట్టింది. ఎగ్జిమా గట్టిగా ఉన్నవాళ్లు, గుడ్డు ఎలర్జీ ఉన్నవాళ్లు కలిపి 640 మంది పసిపిల్లలు. అందరూ 4 నుంచి 11 నెలల వాళ్లు. అప్పటికే వేరుశనగకు గట్టి స్పందన చూపిన వాళ్లను ముందే పక్కన పెట్టారు. సగం మందికి వేరుశనగ పెట్టారు, సగం మందికి అసలు పెట్టలేదు. ఐదేళ్ల వయసొచ్చాక చూస్తే, పెట్టని వాళ్లలో 17.2 శాతం మందికి ఎలర్జీ, తిన్నవాళ్లలో 3.2 శాతానికే. మన ఇళ్లలో ఇడ్లీతో పాటు పల్లీ చట్నీ నాలుక మీద రాయడానికి ఏ ప్రయోగం ఫలితం కోసమూ ఆగలేదు. ఆ ఇడ్లీ పక్కనున్న చట్నీనే రంగుపట్టీ చూసి తీయించేస్తున్నారు.

ఇక పరీక్ష గురించి. రక్తంలో ఐజీఈ (ఎలర్జీలో పాలుపంచుకునే యాంటీబాడీ) పాజిటివ్ రావడమంటే ఒళ్లు ఆ పదార్థాన్ని గుర్తుపట్టిందనే అర్థం. తింటే రియాక్షన్ వస్తుందని కాదు. కర్ణాటకలో పెద్దవాళ్ల మీద చేసి 2016లో అచ్చయిన అధ్యయనంలో ఏదో ఒక తిండికి ఐజీఈ పాజిటివ్ ఉన్నవాళ్లు 26.5 శాతం. నిజంగా ఎలర్జీ ఉండొచ్చనుకున్నవాళ్లు 1.2 శాతం. అదే వరసలో బడి పిల్లల్ని చూస్తే మన దేశంలో ఎలర్జీ 0.14 శాతం మాత్రమే తేలింది. ఏ లక్షణమూ లేకుండా ప్యానెల్ చేయిస్తే ఎంతమంది పళ్లెంలోంచి ఎన్ని ఊరికే పోతాయో ఈ అంకెలే చెబుతున్నాయి. ఐజీజీ అనే మరో రకం యాంటీబాడీని చూసే పరీక్ష అయితే మరీ అన్యాయం. ఒక తిండికి ఐజీజీ4 (ఐజీజీలో ఒక రకం) ఉందంటే ఆ బిడ్డ దాన్ని తింటున్నాడని, ఓర్చుకుంటున్నాడని గుర్తు. యూరప్ ఎలర్జీ డాక్టర్ల సంఘం 2008లోనే ఈ పరీక్షతో ఎలర్జీ నిర్ణయించొద్దని రాసింది. పాఠం వచ్చిందనడానికి పడిన మార్కును ఫెయిల్ అని చదివి బిడ్డను బడి మాన్పించినట్టుంది ఇది.

మా వాడు గుడ్డు మానకపోయి ఉంటే ఆ రోజు అలా అయ్యేది కాదని నేను ప్రమాణం చేయలేను. కానీ ఇది నా ఒక్కదాని ఊహ కాదు. తిండి వల్ల ఎగ్జిమా పెరుగుతోందని చికాగోలో చూసిన 298 మంది పిల్లల లెక్క 2016లో వచ్చింది. అంతకుముందు ఎప్పుడూ తక్షణ రియాక్షన్ రాని పిల్లల్లో 19 శాతం మందికి, ఆ తిండి ఆపించాకే కొత్తగా రియాక్షన్లు వచ్చాయి.

దీనివల్ల మామూలు ఇళ్లలో ఏం జరుగుతోందో చెబుతాను.

1. అసలే తక్కువ తినే పిల్లలు ఇంకా తక్కువ తింటున్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం. ప్రభుత్వం అంగన్‌వాడీలో గుడ్డు ఇస్తుంది, గోధుమ, శనగ, పాలపొడి కలిపిన బాలామృతం ఇస్తుంది. మా రిపోర్టులో ఎరుపు పడినవి సరిగ్గా అవే. ఆ ప్యాకెట్టు మా ఇంట్లో పద్నాలుగు నెలలు పనిమనిషి కూతురికి వెళ్లింది. ఆ పిల్లకి మేలే జరిగింది, అది వేరే సంగతి. పైగా పేగు పాఠం నేర్చుకోవడానికి విటమిన్ ఎ కావాలన్నాను కదా, పచ్చసొన, పాలు రెండూ ఆపేసిన బిడ్డకి అది మిగిలేది ఆకుకూరలు, బొప్పాయి లాంటి వాటిలోనే.

2. డబ్బు. పరీక్షకి 8,500 అయితే, ఆ తర్వాత ప్రత్యేకమైన పాలపొడి, గోధుమ లేని బిస్కెట్లు, నెలకు నాలుగైదు వేలు. నాకు జీతం ఉంది, సర్దుకున్నాను. నాతో పాటు ఓపీలో కూర్చున్న ఆవిడ మిర్చి కోతకు వెళ్లే మనిషి. రిపోర్టు చేతిలో పట్టుకుని "ఇందులో ఏది పెట్టొచ్చో చెప్పండమ్మా" అని నన్నడిగింది. నాకూ తెలియదు అప్పటికి.

3. నిందంతా తల్లి మీద పడుతుంది. కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నావు, పాలిచ్చేటప్పుడు పథ్యం చేయలేదా, ఇవీ ప్రశ్నలు. "వీడికేదీ పడదు" అనే మాట పిల్లవాడి పేరులో భాగమైపోతుంది. మూడేళ్లకే మా వాడు ఎవరు ఏం పెట్టినా "నాకు పడదు" అని చేతులు వెనక్కి పెట్టుకునేవాడు.

4. నిజంగా ఎలర్జీ ఉన్న పిల్లలు ఈ గోలలో కనబడకుండా పోతున్నారు. అందరికీ పదకొండు ఎరుపులుంటే, ప్రాణం మీదికొచ్చే ఒక్క ఎరుపుకి విలువేం ఉంటుంది? రియాక్షన్ వచ్చిన రోజు తొడలో ఇవ్వాల్సిన మందు ఎవిల్ కాదని, ఎడ్రినలిన్ అని చెప్పేవాళ్లు కూడా చాలాచోట్ల లేరు.

తల్లిదండ్రులకు ఒక్క మాట. ఒకసారి రియాక్షన్ వచ్చిన బిడ్డకి ఇది చదివి ఇంట్లో ఆ తిండి పెట్టి చూడొద్దు. ఆసుపత్రిలో, డాక్టరు ఎదురుగానే చేయాల్సిన పని అది.

ఇప్పుడు మా డిమాండ్లు. మా అంటున్నాను, ఎందుకంటే ఇదే అనుభవం ఉన్న మరో ఆరు కుటుంబాలు నాతో ఉన్నాయి.

1. తిన్న వెంటనే దద్దుర్లు, వాంతి, వాపు, ఆయాసం లాంటివి వచ్చిన చరిత్ర లేని పిల్లలకు ఫుడ్ ప్యానెల్ రాయడం ఆపాలి. ఎగ్జిమా ఒక్కటే ఉంటే ముందు చర్మానికి సరైన వైద్యం చేయండి. ల్యాబులు ఈ ప్యానెళ్లను డాక్టరు చీటీ లేకుండా, హెల్త్ చెకప్ ప్యాకేజీల్లో కలిపి అమ్మడం మానాలి. ఐజీజీ రిపోర్టు మొదటి పేజీలోనే "దీన్ని బట్టి ఎలర్జీ ఉందని చెప్పలేము" అని తెలుగులో, పెద్ద అక్షరాల్లో ముద్రించాలి. ల్యాబులను రిజిస్టర్ చేసే అధికారం వైద్య ఆరోగ్య శాఖ చేతిలోనే ఉంది, ఆ షరతు కూడా ఆ శాఖే పెట్టాలి.

2. ఏ తిండినైనా ఆపమన్నప్పుడు చీటీ మీద నాలుగు విషయాలు రాయాలి: ఏది ఆపాలి, ఎందుకు, దాని బదులు ఏం పెట్టాలి, మళ్లీ ఏ తేదీన చూడాలి. "తగ్గేదాకా" అనేది తేదీ కాదు.

3. ప్రతి ప్రభుత్వ బోధనాసుపత్రి పిల్లల విభాగంలో వారానికి ఒకరోజు ఫుడ్ చాలెంజ్ చేయాలి. అనుమానం ఉన్న తిండిని తూకం వేసి, కొద్దికొద్దిగా పెంచుతూ పెట్టి, కళ్లెదుట గంటలకొద్దీ కనిపెట్టి చూసే పరీక్ష అది. దానికి పెద్ద మెషిన్ అక్కర్లేదు. ఒక మంచం, ఒక తక్కెడ, ఎడ్రినలిన్, ఓపికున్న డాక్టరు, నర్సు చాలు. మేం దాని కోసం బెంగళూరు వెళ్లాం. పదకొండు ఎరుపుల్లో పది తప్పని అక్కడ తేలింది. మిగిలింది గుడ్డు ఒక్కటే. అది కూడా కేకులో బాగా బేక్ అయితే వాడికి పడుతోంది, ఇప్పుడు వారానికి మూడు సార్లు తింటున్నాడు.

4. పీహెచ్‌సీ నుంచి ప్రైవేట్ నర్సింగ్ హోము దాకా ప్రతి క్యాజువాలిటీ గోడ మీద ఎడ్రినలిన్ డోసు రాసి పెట్టాలి: మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము ఉండే ఆంపూల్ నుంచి, పది కిలోల బిడ్డకి 0.1 మిల్లీలీటరు, తొడ కండలో, వెంటనే. ఇది చవకైన, అత్యవసర మందుల జాబితాలో ఉన్న మందు. ఇంట్లో ఉంచుకునే ఆటో ఇంజెక్టర్లు (డోసు ముందే నింపిన, పెన్ను లాంటి ఎడ్రినలిన్ సూదులు) మన మందుల షాపుల్లో మామూలుగా దొరకవు. విదేశాల్లో ఉన్న బంధువుల్ని బతిమాలి తెప్పించుకుంటున్నాం. అమెరికా నుంచి వచ్చే వాళ్లను చాక్లెట్లు కాదు, ఇది తెమ్మని అడిగే ఇళ్లు ఇప్పుడు తెలుగునాట ఉన్నాయి. ఎలర్జీ ఖాయమైన పిల్లలకు ప్రభుత్వమే కొని ఇవ్వాలి.

5. ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలకు ఒక పూట శిక్షణ ఇవ్వండి. ఆరు నెలలు నిండగానే తల్లిపాలతో పాటు గుడ్డు, పప్పు, పెరుగు, వేరుశనగ ఒక్కొక్కటిగా మొదలుపెట్టాలని, వేరుశనగను గింజలుగా కాక మెత్తగా నూరి, పలచగా చేసి పెట్టాలని, మొదలుపెట్టినదాన్ని మానకూడదని, పగిలిన చర్మానికి తిండి పిండ్లు రుద్దొద్దని వాళ్లు చెబితే ఊళ్లో వింటారు. ఎగ్జిమా తీవ్రంగా ఉన్న బిడ్డనైతే మొదలుపెట్టే ముందే డాక్టరుకు చూపించమనాలి.

ఈ అయిదింటికీ నెల రోజుల్లో రాతపూర్వకంగా జవాబు కావాలి. ఏది చేస్తారు, ఏది చేయలేరు, ఎందుకు చేయలేరు అనేది విడివిడిగా. పాత అర్జీ నంబరు, పేర్లు కొట్టేసిన పదకొండు పేజీల రిపోర్టు, చాలెంజ్ ఫలితం నా దగ్గర భద్రంగా ఉన్నాయి. ఏ అధికారి పిలిచినా స్కూలు అయ్యాక, సాయంత్రం నాలుగున్నర తర్వాత వచ్చి చూపిస్తాను.

ఇట్లు,
ఒక జీవశాస్త్రం టీచరు, ఒక బిడ్డ తల్లి

తా.క.: ఈ లేఖ పూర్తిచేస్తుండగా అదే ల్యాబు నుంచి మెసేజ్ వచ్చింది. "మీ చిన్నారి ఫుడ్ ఎలర్జీ ప్యానెల్ చేయించి మూడేళ్లు దాటింది. ఈ వారం మళ్లీ చేయించుకుంటే 30 శాతం తగ్గింపు."